హోమ్ ఫోల్డర్‌ను టెర్మినల్‌లో కాపీ చేయడం: ఏవి వెంట వస్తాయి, ఏవి రావు

మీరు రాసినదాన్ని బట్టి పరిస్థితి ఇది. ఉబుంటు ఉన్న పాత లాప్‌టాప్‌ను ఫార్మాట్ చేసే ముందు హోమ్ ఫోల్డర్ మొత్తాన్ని కొత్తగా కొన్న ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లోకి ఎక్కించాలనుకున్నారు. ఫొటోల ఫోల్డర్‌ను, కాపీ చేసే కమాండ్ అయిన సీపీకి -ఆర్ ఆప్షన్ (ఫోల్డర్ లోపలివన్నీ తెమ్మని చెప్పేది) ఇచ్చి కాపీ చేస్తుండగా కేబుల్ కదిలి పని మధ్యలో ఆగిపోయింది. అదే కమాండ్‌ను మళ్ళీ నడిపితే ఈసారి చివరి వరకూ వెళ్ళింది. మిగిలినవాటిని నక్షత్రం గుర్తు (*) పెట్టి ఒకేసారి పంపించారు. ఇప్పుడు చూస్తే ఫొటోల ఫోల్డర్‌లో మరో ఫొటోల ఫోల్డర్ ఉంది. ఫైళ్ళన్నిటికీ ఇవాళ్టి తేదీ పడింది. ప్రోగ్రాముల సెట్టింగులు, వేరే కంప్యూటర్లలోకి లాగిన్ కావడానికి వాడే ఎస్ఎస్‌హెచ్ తాళాలు ఉన్న ఫోల్డర్లు అసలు రాలేదు. తెలుగు పేర్లున్న ఒకటి రెండు ఫైళ్ళను పేరు టైప్ చేసి విడిగా కాపీ చేయబోతే అలాంటి ఫైలే లేదన్న జవాబు వచ్చింది. ఇవేవీ జరగకుండా ఉండే కమాండ్ ఏదని అడిగారు.

కమాండ్ ముందు చెప్తాను, కారణాలు తర్వాత వివరిస్తాను. కమాండ్లను ఇక్కడ పలికే తీరులో తెలుగు లిపిలోనే రాస్తున్నాను. టెర్మినల్‌లో మాత్రం వాటిని, హైఫన్ తర్వాతి అక్షరాలను ఇంగ్లీషు చిన్న అక్షరాల్లోనే టైప్ చేయాలి. పెద్ద అక్షరం కావలసిన చోట కాపిటల్ అని విడిగా చెప్తాను. ఆర్‌సింక్ అనే కాపీ ప్రోగ్రాము పేరును ఆర్, ఎస్, వై, ఎన్, సీ అనే అయిదు అక్షరాలతో రాయాలి. మీ డిస్క్ /బ్యాకప్ అనే చోట మౌంట్ అయి (అంటే సిస్టంకు జోడై) ఉందనుకుంటే, ఫొటోలకు సరైన కమాండ్ ఇది:

ఆర్‌సింక్ -ఏ ఫొటోలు/ /బ్యాకప్/ఫొటోలు/

ఆర్‌సింక్ లేని కంప్యూటర్‌లో దీనికి దాదాపు సమానమైన పని ఇలా జరుగుతుంది:

సీపీ -ఏ ఫొటోలు/. /బ్యాకప్/ఫొటోలు/

రెండో దానిలో గమ్యపు ఫోల్డర్ లేకపోతే ముందే ఎంకేడిర్ కమాండ్‌తో సృష్టించుకోవడం మంచిది. మొదటి దానిలో చివరి ఫోల్డర్ లేకపోయినా ఆర్‌సింక్ తానే సృష్టిస్తుంది. ఈ రెండు వరుసల్లో ప్రతి గీతకూ (/), ప్రతి చుక్కకూ (.) ఒక కారణం ఉంది. ఆ కారణాలు తెలియకుండా కమాండ్‌ను కంఠస్థం చేస్తే, పరిస్థితి కొంచెం మారగానే మళ్ళీ ఇదే చిక్కులో పడతారు.

ముందుగా ఫోల్డర్‌లో ఫోల్డర్ సంగతి. సీపీకి మీరు ఇచ్చే చివరి పేరు రెండు రకాలుగా అర్థమవుతుంది. ఆ పేరుతో ఫోల్డర్ ఏదీ లేకపోతే, కాపీకి పెట్టవలసిన పేరు అదేనని సీపీ అనుకుంటుంది. ఆ పేరుతో ఫోల్డర్ అప్పటికే ఉంటే, కాపీని ఆ ఫోల్డర్ లోపల పెట్టమన్నారని అనుకుంటుంది. మొదటిసారి నడిపినప్పుడు డిస్క్‌లో ఫొటోలు అనే ఫోల్డర్ లేదు కాబట్టి సీపీ దాన్ని సృష్టించి నింపడం మొదలుపెట్టింది. కేబుల్ కదిలి ఆగిపోయేసరికి ఆ ఫోల్డర్ సగం నిండి ఉంది. రెండోసారి అదే కమాండ్ నడిపినప్పుడు ఫోల్డర్ ఉంది కాబట్టి, దాని లోపల మరో ఫొటోలు ఫోల్డర్ పుట్టింది. అంటే మీరు టైప్ చేసింది ఒకే వాక్యమైనా, డిస్క్ మీది స్థితి మారడం వల్ల దాని అర్థం మారిపోయింది. స్క్రిప్టుల్లో రాసి రోజూ నడిపే కమాండ్లకు ఈ గుణం ఎంత ప్రమాదకరమో వేరే చెప్పనక్కర్లేదు.

మూలం పేరు చివర గీత, చుక్క పెట్టడం ఈ సందిగ్ధాన్ని తొలగిస్తుంది. చుక్క అంటే ఆ ఫోల్డరే అని అర్థం కాబట్టి, దానిలో ఉన్నవాటిని తెచ్చి గమ్యంలో ఉన్నవాటితో కలుపుతుంది తప్ప కొత్త పొరను పుట్టించదు. ఎన్నిసార్లు నడిపినా ఫలితం ఒకటే. గ్నూ సీపీలో (లినక్సులో మామూలుగా ఉండేది ఇదే) కాపిటల్ టీ ఆప్షన్ కూడా ఇదే పని చేస్తుంది, కాని అది మాక్ కంప్యూటర్లలో ఉండే సీపీలో ఉందని నమ్ముకోకండి. మాక్‌లో మరో తేడా కూడా ఉంది: అక్కడ మూలం చివర వట్టి గీత పెడితే లోపలి వస్తువులు మాత్రమే వెళ్తాయి, లినక్సులో అదే గీతకు అర్థం లేదు. గీత, చుక్క జోడీ రెండు చోట్లా ఒకే రకంగా పని చేస్తుంది కాబట్టి నేను దాన్నే వాడతాను, నాతో పనిచేసేవారికీ అదే చెప్తాను.

ఇప్పటికే ఏర్పడిన గజిబిజిని సర్దడానికి మళ్ళీ మొదటినుంచి కాపీ చేయనక్కర్లేదు. పైన చెప్పిన క్రమాన్ని బట్టి, బయటి ఫోల్డర్‌లో ఉన్నది ఆగిపోయిన మొదటి ప్రయత్నం; లోపలి ఫోల్డర్‌లో ఉన్నది పూర్తయిన రెండో ప్రయత్నం. ఉంచుకోవలసింది లోపలిదే. ఎంవీ కమాండ్‌తో లోపలి ఫోల్డర్‌ను /బ్యాకప్/ఫొటోలు-కొత్త అనే పేరుతో బయటికి తెచ్చుకోండి. ఒకే డిస్క్‌లో జరిపే మార్పు కాబట్టి ఎన్ని వందల జీబీ ఉన్నా క్షణంలో అయిపోతుంది, ఎందుకంటే పేరు ఒక్కటే మారుతుంది, డేటా కదలదు. పాత బయటి ఫోల్డర్‌ను ఇప్పుడే చెరపకండి. తర్వాత చెప్పబోయే తనిఖీ పూర్తయ్యాక చెరపవచ్చు.

దాచిన ఫైళ్ళు రాకపోవడానికి కారణం సీపీ కాదు, నక్షత్రం. ఆ గుర్తును సీపీ అసలు చూడదు. మీరు ఎంటర్ నొక్కగానే బాష్, అంటే టెర్మినల్‌లో మీ కమాండ్లను చదివి నడిపే ప్రోగ్రాము, ఆ నక్షత్రాన్ని తీసేసి, దాని స్థానంలో ఆ ఫోల్డర్‌లోని పేర్లన్నీ వరుసగా పేర్చి, ఆ జాబితాను సీపీకి అందిస్తుంది. చుక్కతో మొదలయ్యే పేర్లను ఆ జాబితాలో చేర్చకపోవడం బాష్ అలవాటు. ఎస్ఎస్‌హెచ్ తాళాలు, కాన్ఫిగ్ ఫోల్డర్, బాష్ చరిత్ర అన్నీ చుక్కతోనే మొదలవుతాయి కాబట్టి అవి మిగిలిపోయాయి. గీత, చుక్క పద్ధతిలో నక్షత్రానికి పని లేదు. ఫోల్డర్‌ను సీపీయే తెరిచి చదువుతుంది కాబట్టి దాచినవీ దాచనివీ అన్నీ వస్తాయి. వేల ఫైళ్ళున్న ఫోల్డర్‌లో నక్షత్రం వాడినప్పుడు ఆర్గ్యుమెంట్ల జాబితా మరీ పొడవైందన్న సందేశం కనిపించడానికి కూడా ఇదే మూలం: ఒక కమాండ్‌కు అందించగల జాబితాకు కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టం మూలభాగం) ఒక హద్దు పెడుతుంది, నక్షత్రం దాన్ని దాటిస్తుంది.

ఇక తేదీల విషయం. మనం ఫైలు అనుకునేది ఒకే వస్తువు కాదు. లోపల ఉన్న సమాచారం ఒకటి. దాని పేరు, చివరిసారి మార్చిన తేదీ, యజమాని ఎవరు, ఎవరు చదవవచ్చు ఎవరు రాయవచ్చు అనే అనుమతులు, మరో ఫైలుకు అది లింకా కాదా అనే వివరం, ఇవన్నీ విడివిడిగా డిస్క్ మీద నమోదై ఉంటాయి. సీపీకి -ఆర్ మాత్రమే ఇస్తే అది లోపలి సమాచారాన్ని తెస్తుంది, కాపీని ఇప్పుడే పుట్టిన ఫైలుగా లెక్కిస్తుంది, అందుకే ఇవాళ్టి తేదీ పడుతుంది. -పీ ఆప్షన్ తేదీలను, అనుమతులను, యజమానిని తెస్తుంది. -ఏ అయితే వాటితో పాటు మరో ఫైలు వైపు చూపే సింబాలిక్ లింకులను లింకులుగానే ఉంచుతుంది, ఒకే డేటాకు రెండు పేర్లున్న హార్డ్ లింకుల జోడీలను విడదీయకుండా తెస్తుంది, ఫోల్డర్ల లోపలికి కూడా తానే వెళ్తుంది కాబట్టి -ఆర్ వేరే ఇవ్వనక్కర్లేదు. హోమ్ ఫోల్డర్‌ను తరలించేటప్పుడు సీపీకి -ఏ తప్ప మరొకటి ఇవ్వకండి. కెమెరా తీసిన ఫొటోకు తేదీ ఫొటో లోపల కూడా రాసి ఉంటుంది కాబట్టి నష్టం కొంత తక్కువ, కాని స్కాన్ చేసిన భూమి కాగితాలకు, టైప్ చేసుకున్న నోట్సుకు, రికార్డు చేసిన మాటలకు ఎన్నో సందర్భాల్లో డిస్క్ మీది తేదీ ఒక్కటే ఆధారం. అది చెరిగిపోతే అవి ఏ సంవత్సరపువో చెప్పగలిగేవారు ఉండరు.

మీ పాత లాప్‌టాప్ ఇంకా ఫార్మాట్ కాలేదు కాబట్టి ఆ తేదీలను ఇప్పుడు కూడా వెనక్కు తెచ్చుకోవచ్చు. పైన చెప్పినట్టు లోపలి ఫోల్డర్‌ను బయటికి తెచ్చుకున్నాక ఇలా నడపండి:

ఆర్‌సింక్ -ఏసీ ఫొటోలు/ /బ్యాకప్/ఫొటోలు-కొత్త/

ఇక్కడ సీ అక్షరం, తేదీలను నమ్మకుండా రెండు వైపులా ఉన్న ఫైళ్ళను పూర్తిగా చదివి వాటి చెక్‌సమ్‌లను (లోపలి సమాచారం నుంచి లెక్కకట్టే సంఖ్యలను) పోల్చమని చెప్తుంది. లోపలి సమాచారం ఒకటే అయిన ఫైళ్ళను మళ్ళీ రాయదు, తేదీని మాత్రం మూలంలో ఉన్నట్టు దిద్దుతుంది. ఏ ఫైలైనా కాపీలో పాడై ఉంటే దాన్ని మాత్రమే తిరిగి తెస్తుంది. రెండు డిస్కులనూ పూర్తిగా చదవాలి కాబట్టి చాలా సమయం పడుతుంది, అయినా ఒకే దెబ్బకు తేదీల దిద్దుబాటూ తనిఖీ రెండూ జరుగుతాయి.

అయితే దీనికి ముందు చూసుకోవలసింది ఒకటుంది. దుకాణంలో కొన్న ఎక్స్‌టర్నల్ డిస్కులు ఎక్కువగా ఎక్స్‌ఫ్యాట్ లేదా ఎన్‌టీఎఫ్ఎస్ ఫార్మాట్‌లో వస్తాయి. ఎల్ఎస్‌బీఎల్‌కే -ఎఫ్ అని నడిపితే మీ డిస్క్ ఏ రకమో కనిపిస్తుంది. ఎక్స్‌ఫ్యాట్‌లో లినక్సు యజమాని, అనుమతులు, సింబాలిక్ లింకులు నమోదు చేసే చోటే లేదు. అక్కడికి -ఏ తో కాపీ చేస్తే సమాచారం, తేదీలు వెళ్తాయి, మిగిలినవాటికి అనుమతి లేదన్న సందేశాలు వందల కొద్దీ వస్తాయి. పేరులో కోలన్ గాని ప్రశ్నార్థకం గాని ఉన్న ఫైళ్ళను ఎక్స్‌ఫ్యాట్ అసలు తీసుకోదు. పాత పెన్‌డ్రైవ్‌లు ఫ్యాట్32 అయితే 4 జీబీ దాటిన వీడియో ఒక్కటి కూడా ఎక్కదు. ఫొటోలకు ఇదంతా అడ్డం కాదు, కాని ఎస్ఎస్‌హెచ్ తాళాలకు అడ్డమే: ఎక్స్‌ఫ్యాట్ మీదుగా వెళ్ళి వచ్చిన తాళం ఫైలుకు అందరూ చదవగల అనుమతులు పడతాయి, అలాంటి తాళాన్ని ఎస్ఎస్‌హెచ్ వాడనని నిరాకరిస్తుంది. అప్పుడు అనుమతిని 600కు (యజమాని మాత్రమే చదివి రాయగల స్థితికి) తిరిగి మార్చుకోవాలి.

ఆ డిస్క్‌ను లినక్సులో మాత్రమే వాడేటట్లయితే దాన్ని లినక్సు సొంత పద్ధతి అయిన ఈఎక్స్‌టీ4గా ఫార్మాట్ చేసుకోవడం అన్నిటికన్నా శుభ్రమైన దారి. డిస్క్‌లో ఇప్పటికే ఉన్నవి చెరిగిపోతాయి కాబట్టి ఇది మొదట్లోనే చేసుకోవలసిన పని. విండోస్‌లో కూడా తెరవాలంటే ఎక్స్‌ఫ్యాట్‌నే ఉంచి, ఫొటోలు, పత్రాలను ఆర్‌సింక్‌కు -ఏ బదులు -ఆర్‌టీ ఇచ్చి, అంటే ఫోల్డర్ల లోపలికి వెళ్ళడం, తేదీలను ఉంచడం అనే రెండింటినే అడిగి పంపండి. దాచిన ఫోల్డర్లను మాత్రం టార్ కమాండ్‌తో ఒకే ఫైలుగా కట్టి అదే డిస్క్‌లో పెట్టండి. అనుమతులు, లింకులు ఆ టార్ ఫైలు లోపల రాసి ఉంటాయి కాబట్టి డిస్క్‌కు వాటి సంగతి తెలియకపోయినా నష్టం లేదు. ఫ్యాట్32 తేదీలను రెండు సెకన్లకు ఒకసారే నమోదు చేస్తుంది కాబట్టి, అలాంటి డిస్క్‌కు ఆర్‌సింక్ వాడేటప్పుడు మాడిఫై-విండో అనే పొడవాటి ఆప్షన్‌కు (ఇలాంటివి రెండు హైఫన్లతో మొదలవుతాయి) 1 ఇవ్వకపోతే మారని ఫైళ్ళను కూడా మారాయనుకొని మళ్ళీ మళ్ళీ రాస్తుంది.

సగంలో ఆగిన కాపీని కొనసాగించడం అనే విషయానికి వస్తే, చాలామంది సీపీకి -యూ ఆప్షన్ ఇవ్వమని సలహా చెప్తారు. గమ్యంలో ఉన్నది పాతదైతేనే కాపీ చేయమని దాని అర్థం, వినడానికి బాగానే ఉంటుంది. కాని కేబుల్ కదిలిన క్షణంలో ఏ వీడియో కాపీ అవుతూ ఉందో ఆలోచించండి. 3 జీబీ వీడియోలో 1 జీబీ మాత్రమే గమ్యానికి చేరింది. మూలం తేదీని కాపీకి పెట్టడం సీపీ చివర్లో చేసే పని, అక్కడి దాకా అది రాలేదు, అందువల్ల ఆ అరకొర ఫైలు మీద ఇవాళ్టి తేదీ ఉంది. -యూ దాన్ని చూసి, మూలంకన్నా ఇదే కొత్తది అనుకొని, ముట్టుకోకుండా దాటిపోతుంది. మిగతా పని అంతా పూర్తయి ఏ తప్పూ చూపించదు. మీ దగ్గర మాత్రం మూడో వంతు వీడియో మిగులుతుంది, అది మీకు తెలిసేది పాత లాప్‌టాప్ ఫార్మాట్ అయిన చాలా కాలానికి. ఆగిపోయిన కాపీని సీపీ -యూతో కొనసాగించకూడదని నేను గట్టిగా చెప్పడానికి కారణం ఇదే.

ఆర్‌సింక్ ఈ విషయంలో వేరే పద్ధతిలో పని చేస్తుంది. ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మకెరాస్ కలిసి 1996లో నెట్‌వర్క్ మీద తేడాలను మాత్రమే పంపడానికి దీన్ని తయారుచేశారు, కాని ఒకే కంప్యూటర్‌లో రెండు డిస్కుల మధ్య కూడా ఇది అంతే ఉపయోగం. ప్రతి ఫైలునూ చుక్కతో మొదలయ్యే ఒక తాత్కాలిక పేరుతో రాసి, పూర్తిగా చేరాకనే అసలు పేరు పెడుతుంది. కాబట్టి మధ్యలో ఆగితే అసలు పేరుతో అరకొర ఫైలు ఉండదు. మళ్ళీ నడిపినప్పుడు పరిమాణం, తేదీ రెండూ మూలంతో సరిపోయినవాటిని వదిలేసి, సరిపోనివాటిని మాత్రమే తెస్తుంది. తేదీని పోల్చడం మీద ఇదంతా ఆధారపడింది కాబట్టి -ఏ గాని కనీసం -టీ గాని ఇవ్వకుండా ఆర్‌సింక్ నడపడం వ్యర్థం: మొదటి కాపీలోనే తేదీలు మారిపోతాయి, రెండోసారి అన్నీ కొత్తవిగా కనిపిస్తాయి. -ఏ లో హార్డ్ లింకులు చేరవు, వాటికి కాపిటల్ హెచ్ అదనంగా ఇవ్వాలి. ఇది సీపీ -ఏకు, ఆర్‌సింక్ -ఏకు మధ్య చాలామంది గమనించని తేడా.

ఆర్‌సింక్‌లో మూలం చివరి గీత చాలా ముఖ్యం. ఫొటోలు అని గీత లేకుండా రాస్తే ఆ ఫోల్డర్‌నే తెచ్చి గమ్యం లోపల పెడుతుంది; ఫొటోలు/ అని గీతతో రాస్తే లోపలి వస్తువులను మాత్రమే తెస్తుంది. గమ్యం ముందే ఉందా లేదా అనేదాన్ని బట్టి ఈ అర్థం మారదు, అదే సీపీకన్నా దీనిలో నాకు నచ్చిన గుణం. ఈ గీతకు డబుల్ హైఫన్ డిలీట్ అనే ఆప్షన్ తోడైనప్పుడు మాత్రం చాలా జాగ్రత్త కావాలి. మూలంలో లేనివాటిని గమ్యంలో చెరిపేయమని ఆ ఆప్షన్ అర్థం. ఫొటోలు/ అన్న మూలాన్ని, పొరపాటున /బ్యాకప్/ అన్న గమ్యంతో, డిలీట్ జోడించి నడిపితే, బ్యాకప్ డిస్క్‌లో అప్పటికే ఉన్నవి దాదాపు అన్నీ పోతాయి, ఎందుకంటే మీ మాట ప్రకారం ఆ డిస్క్ మొత్తం ఫొటోల ఫోల్డర్‌కు అద్దంలా ఉండాలి. అందుచేత డిలీట్ ఉన్న ప్రతి కమాండ్‌నూ ముందు -ఎన్‌వీ జోడించి నడపండి. ఎన్ అంటే ఏదీ మార్చకుండా చేయబోయేది చూపించడం మాత్రమే. ఆ జాబితాలో చెరుపుతున్నట్టు కనిపించే పేర్లను ఒక్కొక్కటిగా చదివాకనే ఎన్ తీసేయండి. మీకు ఇప్పుడున్న అవసరానికైతే డిలీట్ అసలు అక్కర్లేదు.

కేబుల్ కదలడం మీకు ఒకసారి జరిగింది కాబట్టి మరో హెచ్చరిక కూడా చెప్పాలి. డిస్క్ ఊడిపోయినా /బ్యాకప్ అనే ఫోల్డర్ అలాగే ఉండవచ్చు, ఖాళీగా. ఆ సమయంలో కమాండ్ నడిపితే కాపీ మొత్తం లాప్‌టాప్ సొంత డిస్క్‌లోకే వెళ్ళి దాన్ని నింపేస్తుంది, ఎవరూ తప్పు చూపించరు. ఇంతకన్నా ఘోరం, తిరుగు ప్రయాణంలో ఆ ఖాళీ ఫోల్డర్ మూలమై, డిలీట్ కూడా తోడైతే, గమ్యంలో ఉన్నదంతా చెరిగిపోతుంది. కాపీకి ముందు మౌంట్‌పాయింట్ /బ్యాకప్ అని నడిపి, అక్కడ నిజంగా డిస్క్ ఉందని చూసుకోవడానికి ఒక్క క్షణం చాలు. స్క్రిప్టులో అయితే ఆ కమాండ్ తర్వాత రెండు యాంపర్‌శాండ్ గుర్తులు పెట్టి ఆర్‌సింక్‌ను రాయండి, మొదటిది నెగ్గితేనే రెండోది నడుస్తుంది.

తెలుగు పేర్ల గురించి మీరు అడిగినది చిన్నదే అయినా, దీని మీద వివరంగా రాసినవారు తక్కువ కాబట్టి కొంచెం ఆగి చెప్తాను. ఫైలు కళ్ళ ముందు ఉన్నా లేదని కమాండ్ చెప్పడానికి నేను చూసినంతలో మొదటి కారణం కనబడని ఒక అక్షరం. పొల్లు హల్లు తర్వాతి అక్షరానికి వత్తుగా అతుక్కోకుండా ఆపడానికి యూనికోడ్‌లో జడ్‌డబ్ల్యూఎన్‌జే అనే గుర్తు ఉంది. సాఫ్ట్‌వేర్ లాంటి మాట మధ్యలో దాని ప్రభావం కనిపిస్తుంది. కాని కొన్ని కీబోర్డులు మాట పొల్లుతో ముగిసినప్పుడు కూడా దాన్ని చేరుస్తాయి, అప్పుడు తెరమీద ఏ తేడా ఉండదు. రేషన్ కార్డ్ అని పేరు పెట్టిన ఫైలులో ఆ గుర్తు దాగి ఉంటే, మీరు మరో కీబోర్డుతో టైప్ చేసిన రేషన్ కార్డ్ అచ్చు అలాగే కనిపిస్తుంది, కెర్నల్‌కు మాత్రం అవి రెండు వేర్వేరు బైట్ల వరుసలు. ఎల్ఎస్ ఇచ్చే జాబితాను బైట్లను చూపించే హెక్స్‌డంప్‌కు, కాపిటల్ సీ ఆప్షన్‌తో, పంపి చూస్తే, ఆ చోట ఈ2 80 8సీ అనే మూడు బైట్లు బయటపడతాయి. తెలుగు పేర్లను టెర్మినల్‌లో టైప్ చేయకండి; మొదటి ఒకటి రెండు అక్షరాలు కొట్టి ట్యాబ్ నొక్కండి, మిగిలినది డిస్క్ మీద ఉన్నది ఉన్నట్టుగా బాష్ నింపుతుంది. ఫోల్డర్ మొత్తాన్ని కాపీ చేసేటప్పుడు ఈ బెడద ఉండదు, సీపీకి, ఆర్‌సింక్‌కు పేరు చదవడం అక్కర్లేదు, బైట్లు మోయడమే వాటి పని.

రెండో కారణం పొడవు. ఈఎక్స్‌టీ4లో ఒక పేరు 255 బైట్లు దాటకూడదు. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు సరిపోతుంది, తెలుగులో ప్రతి యూనికోడ్ సంకేతానికీ యూటీఎఫ్-8లో (అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి) మూడు బైట్లు పడతాయి, కాబట్టి తెలుగు పేరుకు 85 సంకేతాలే హద్దు. ఒత్తులు, గుణింతాలు విడివిడిగా లెక్కకు వస్తాయి: స్త్రీ అనే ఒక్క అక్షరం ఆరు సంకేతాలు, 18 బైట్లు. ఎన్‌టీఎఫ్ఎస్, ఎక్స్‌ఫ్యాట్‌లు బైట్లలో కాక 16 బిట్ల యూనిట్లలో 255 వరకూ ఒప్పుకుంటాయి కాబట్టి, వ్యాసం శీర్షిక మొత్తాన్ని పేరుగా పెట్టిన ఫైలు విండోస్‌లో హాయిగా ఉండి, లినక్సుకు తెచ్చేటప్పుడు పేరు మరీ పొడవన్న సందేశంతో ఆగిపోతుంది. అలాంటివాటికి మూలంలోనే పేరు తగ్గించడం తప్ప మార్గం లేదు.

మీ ఇంట్లో పాత మాక్ కూడా ఉంటే ఇంకో విచిత్రం ఎదురవుతుంది. పాత మాక్ డిస్కుల హెచ్ఎఫ్ఎస్ ప్లస్ ఫార్మాట్, ఐత్వాన్ని ఎత్వం, దాని కింది గుర్తు అనే రెండు సంకేతాలుగా విడదీసి దాచుకుంటుంది. అక్కడినుంచి లినక్సుకు వచ్చిన హైదరాబాద్ అనే ఫోల్డర్, లినక్సులో పుట్టిన హైదరాబాద్ అనే ఫోల్డర్ పక్కపక్కనే ఒకే పేరుతో ఉన్నట్టు కనిపిస్తాయి. ఆర్‌సింక్‌లో ఐకాన్వ్ అనే పొడవాటి ఆప్షన్ ఈ మార్పిడి చేయడానికే ఉంది. మరో సందర్భంలో తెలుగు పేర్లన్నీ ప్రశ్నార్థకాలుగా కనిపిస్తే మాత్రం కంగారు పడకండి. అది ఆ టెర్మినల్ లొకేల్ (భాష, అక్షరాల సెట్టింగు) యూటీఎఫ్-8 కాకపోవడం వల్ల వచ్చిన చూపు దోషం, డిస్క్ మీద పేర్లు క్షేమంగానే ఉంటాయి.

విండోస్‌లో ఇదే పనికి రోబోకాపీ ఉంది, విస్టా నుంచి విండోస్‌తోనే వస్తుంది. /ఈ ఇస్తే ఖాళీ ఫోల్డర్లతో సహా తెస్తుంది. /ఎంఐఆర్ మన డిలీట్ లాంటిదే, అంతే ప్రమాదం. /ఎల్ ఇస్తే చేయబోయేది చూపించి ఊరుకుంటుంది. ఒక ఫైలు తెరుచుకోకపోతే అది మామూలుగా 10 లక్షల సార్లు, ప్రతిసారీ 30 సెకన్లు ఆగి ప్రయత్నిస్తుంది, అంటే దాదాపు ఏడాది అక్కడే నిలబడిపోతుంది. అందుకని /ఆర్:2 /డబ్ల్యూ:5 తప్పకుండా జోడించండి. అది తిరిగి ఇచ్చే ఫలితపు సంఖ్య 1 అయితే ఫైళ్ళు కాపీ అయ్యాయని అర్థం, తప్పు జరిగిందని కాదు. 8 గాని అంతకన్నా ఎక్కువ గాని వస్తేనే ఏవో కాపీ కాలేదని.

చివరి పని తనిఖీ. కాపీ నడిచేటప్పుడు -వీ పెట్టి పేర్లన్నీ తెరమీద పరుగెత్తించడం నాకు ఇష్టం లేదు, ఎందుకంటే వేల వరుసల మధ్య ఒక్క తప్పు సందేశం కొట్టుకుపోతుంది. సీపీ ఒక ఫైలు దగ్గర విఫలమైనా మిగిలినవాటితో ముందుకు సాగుతుంది కాబట్టి, చివరికి చేరడం అన్నీ చేరినట్టు కాదు. కమాండ్ చివర 2> గుర్తు, దాని తర్వాత తప్పులు అనే ఒక ఫైలు పేరు రాయండి. పని అయ్యాక ఆ ఫైలు ఖాళీగా ఉంటే సంతోషం, లేకపోతే సరిచూడవలసిన జాబితా మీ చేతిలో ఉన్నట్టే.

ప్రాంప్ట్ (తర్వాతి కమాండ్ కోసం ఎదురుచూసే గుర్తు) తిరిగి వచ్చినంత మాత్రాన డేటా డిస్క్‌కు చేరిందనుకోకండి. లినక్సు రాతలను ముందు మెమరీలో పోగుచేసి, తీరికగా డిస్క్‌కు పంపుతుంది. నిదానమైన పెన్‌డ్రైవ్‌లలో ఈ బకాయి నిమిషాల కొద్దీ ఉంటుంది. ముందు డిస్క్‌ను అన్‌మౌంట్ చేయండి, అది ఆలస్యమైతే ఆలస్యం కానివ్వండి, పూర్తయ్యాకనే కేబుల్ తీయండి. మళ్ళీ పెట్టి మౌంట్ చేసిన తర్వాతే తనిఖీ చేయండి, అప్పుడే మెమరీలో మిగిలిన కాపీని కాకుండా డిస్క్ మీది బైట్లనే చదువుతున్నారన్న నమ్మకం ఉంటుంది. తనిఖీకి ఈ వరుస సరిపోతుంది:

ఆర్‌సింక్ -ఎన్‌ఏసీఐ ఫొటోలు/ /బ్యాకప్/ఫొటోలు-కొత్త/

ఎన్ ఉంది కాబట్టి ఏదీ మారదు, ఐ ఉంది కాబట్టి తేడా ఉన్న ప్రతి పేరు పక్కనా ఆ తేడా ఏమిటో చూపిస్తుంది. ఎక్స్‌ఫ్యాట్ డిస్క్ అయితే ఆ వరుసలోని ‘ఏ’ అక్షరం బదులు ‘ఆర్‌టీ’ రాయండి, లేకపోతే అనుమతుల తేడాలతో తెర నిండిపోతుంది. ఒక్క వరుస కూడా రాకపోతే మూలంలో ఉన్న ప్రతి ఫైలూ బైటు తేడా లేకుండా గమ్యంలో ఉన్నట్టే, అప్పుడు ఆ పాత సగం ఫోల్డర్‌ను చెరిపేయవచ్చు.

లాప్‌టాప్ ఫార్మాట్ చేయడానికి మాత్రం ఇంకొంచెం ఆగండి. దాన్ని ఫార్మాట్ చేసిన మరుక్షణం మీ ఫొటోలకు ఆ ఎక్స్‌టర్నల్ డిస్క్ ఒక్కటే ఆధారం అవుతుంది, దాని కేబుల్ ఒకసారి కదిలిందని మీరే రాశారు. ముందు ఆ డిస్క్‌నుంచి కొత్త కంప్యూటర్‌కు ఇదే పద్ధతిలో కాపీ చేసి, అక్కడ కూడా ఇదే తనిఖీ నడిపి, అది ఖాళీగా వచ్చాక ఫార్మాట్ చేయండి. తనిఖీలో చదవలేకపోయానన్న సందేశం ఏ ఫైలుకైనా వస్తే, ఆ సందేశాన్ని ఉన్నదున్నట్టుగా ఇక్కడ పెట్టండి, డిస్క్ లోపమా కేబుల్ లోపమా అన్నది దాన్ని బట్టి చెప్తాను.